గోడవైపు తిరిగి నిలబడిన కుట్టుమిషను

మా అంజనప్ప మామ లెక్క ప్రకారం ఈ సృష్టి మొదలైన దగ్గర్నుంచి ఇప్పటిదాకా మనుషులెవరూ ఏ తప్పూ చేయలేదు. చేసిందంతా వస్తువులే. కూరలో ఉప్పెక్కువైతే తప్పు ఉప్పుడబ్బాది. రైలు దాటిపోతే తప్పు గడియారానిది. ఒక పెళ్ళిలో వంటవాడు పాయసం మాడిస్తే మామ ఆ వంటవాడి వైపు కన్నెత్తి కూడా చూడకుండా నేరుగా గంగాళం దగ్గరికి వెళ్ళి, "ఇంతమంది తినే చోట ఇట్లనేనా నువ్వు చేసేది? సిగ్గుండాదా?" అని నిలదీశాడు. గంగాళం ఏమీ మాట్లాడలేదు. "చూసినారా, పలకదు. తప్పు చేసినదానికి నోరెట్లొస్తాది?" అని మామ పంక్తిలో కూర్చున్నవాళ్ళ వైపు తిరిగాడు. అంతటితో తీర్పు అయిపోయింది. వంటవాడు బతికిపోయాడు.

మామ మా అమ్మకు తమ్ముడు. హిందూపురంలో చింతపండు మండీలో తూకాలు చూసేవాడు. మండీలో హమాలీ ఈరన్న ఒకసారి బస్తా జారవిడిచి, నిగనిగలాడే చింతపండంతా బురదపాలు చేశాడు. యజమాని తిట్టడానికి గొంతు సవరించుకునేలోపే మామ పరుగున వెళ్ళి ఆ గోనెసంచికి రెండు దెబ్బలు తగిలించాడు. "మోసేవాని వీపు మీద కుదురుగా కూసోలేవా? వానికేమన్నా అయింటే వాళ్ళమ్మకు ఎవురు జవాబు చెప్పాల, నువ్వు చెప్తావా?" గోనెసంచిని పట్టుకొని జవాబు చెప్పమంటున్న మనిషిని చూసి యజమానికి నవ్వొచ్చింది. ఒకసారి నవ్విన తర్వాత మళ్ళీ ముఖం బిగించి తిట్టడం ఎంత అనుభవమున్న యజమానికైనా కష్టమే.

మామ న్యాయస్థానంలో శిక్షలు కూడా ఉండేవి. అంకమ్మత్త సంగటి మాడిస్తే, అంటే మామ మాటల్లో చెప్పాలంటే సంగటికుండ సంగటిని మాడిస్తే, ఆ కుండను పెరట్లో గోడవైపు తిప్పి నిలబెట్టేవాడు. కుండకు ముఖం ఎటువైపో వీపు ఎటువైపో మాకు తెలిసేది కాదు. మామకు తెలుసు. ఒకసారి నేను వెళ్ళేసరికి పెరటిగోడ వెంబడి ఒక కుండ, ఒక జల్లెడ, ఒంటి చెప్పు, అలారం గడియారం వరుసగా నిలబడి ఉన్నాయి.

"ఏమత్తా ఇదంతా?"

"జైలప్పా," అంది అంకమ్మత్త చేటలో రాగులు చెరుగుతూ. "ఆ చెప్పు రేపు విడుదలయితాది. జల్లెడ మంచిదే, పొరపాటున దొరికింది. గడియారం సంగతి మాత్రం చెప్పలేం. అది రెండోసారి వచ్చింది."

నేను హైస్కూల్లో లెక్కల పరీక్ష తప్పినప్పుడు ఇంట్లో అందరూ నన్ను తలా ఒక మాట అన్నారు. మామ మాత్రం నా పెన్ను అడిగి తీసుకున్నాడు. పాళీని వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"దీనికి లెక్కలు రావు," అన్నాడు.

"పెన్నుకు లెక్కలెట్లొస్తాయి మామా?"

"రావనే గదప్పా నేనూ చెప్పేది!"

ఆ పెన్ను గోడవైపు తిరిగింది. మామ సంతలో వేరే పెన్ను కొనిచ్చాడు. దానితో నేను గట్టెక్కాను. ఆ తర్వాత అనంతపురంలో భౌతికశాస్త్రం చదువుకొని, బి.యస్సీ. పట్టా పుచ్చుకొని, పెనుకొండ హైస్కూల్లో సైన్సు మాస్టరుగా చేరాను. పట్టా చూపించడానికి వెళితే మామ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మొత్తానికి మంచి పెన్ను దొరికింది," అన్నాడు.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో మాకు కూతురు పుట్టింది. నాకు అప్పట్లో లోకంలో ఉన్న ప్రతిదాన్ని చూసినా భయంగా ఉండేది. ఉయ్యాల కొక్కేనికి ఎంత బరువు పడుతుందో లెక్కకట్టి, అది చాలదని రెండో కొక్కెం కొట్టించాను. ఉయ్యాల తాడుకు గది వేడి చూడటానికి థర్మామీటరు కట్టాను. పాపకు తాపే నీళ్ళు నేనే కాచి, చల్లారాయో లేదో అదే థర్మామీటరుతో చూస్తుంటే, మా అమ్మ రామసుబ్బమ్మ "నిన్ను నేను బాయి నీళ్ళతో సాకినా. చచ్చినావా?" అనేది. నేను నిలబడి ఉండగా అవునని ఎట్లా అంటాను?

పాప పాకడం నేర్చి ఒకరోజు గడపమీద బోర్లాపడింది. అప్పుడే హిందూపురం నుంచి వచ్చిన మామ సంచి కింద పెట్టకుండానే గడపను ఫెడేలుమని కొట్టి, "మా పాపనే పడేస్తావా? నీ కథ చెప్తా ఉండు," అన్నాడు. పాప ఏడుపు మానేసి, గడపకు పట్టిన గతిని ఆసక్తిగా చూసింది.

"మామా, అట్లా నేర్పకూడదు. పడటానికి కారణం గడప కాదు. తన బరువును తాను నిలుపుకోలేకపోవడం."

"అవునా? ఆ మాట పాపకు చెప్పు."

నేను పాపకు చెప్పాను. పాప మళ్ళీ ఏడుపు ఎత్తుకుంది. మామ గడపకు ఇంకొక దెబ్బ వేశాడు.

ఇప్పుడు నా భార్య గంగరత్న సంగతి చెప్పాలి. వాళ్ళది ధర్మవరం. మా పెళ్ళికి ముందే వాళ్ళమ్మ పోయింది. గంగరత్న కాపురానికి వచ్చినప్పుడు పెట్టె అడుగున వాళ్ళమ్మ కట్టుకున్న నూలుచీరలు కొన్ని తెచ్చుకుంది. కట్టి కట్టి, ఉతికి ఉతికి, వెన్న మాదిరి మెత్తబడిన చీరలు. ఆ చీరలతో పాపకు తన చేతులతో బొంత కుట్టాలన్నది ఆమె కోరిక. అమ్మమ్మ ఎత్తుకోలేకపోయినా, అమ్మమ్మ చీరైనా పాపను చుట్టుకోవాలి. మార్గశిరం వస్తే పెనుకొండ కొండమీదినుంచి చలిగాలి ఇంట్లోకి చుట్టంలా దిగుతుంది. చిలమత్తూరు నుంచి తెప్పించిన కంబళి కప్పితే గరుకుకు పాప ఒళ్ళంతా ఎర్రబడింది. నేనేమో రాత్రికి ఎన్నిసార్లు లేచి థర్మామీటరు చూసేవాణ్ణో.

వచ్చిన చిక్కల్లా గంగరత్నకు కుట్టు రాకపోవడమే. చేతితో ఒక పాత పంచెను నాలుగు మడతలేసి కుట్టి చూసింది. ఆ బొంతను ఎండలో దులిపితే నాలుగు మడతలూ నాలుగు దిక్కులకు పోయాయి.

"వీధిలోకి బొంతలు కుట్టేవాళ్ళు వస్తారు. వాళ్ళకిస్తే పూట పని," అంది మా అమ్మ. "బొత్తాం కుట్టమంటే చొక్కా రెండు చేతులూ కలిపి కుట్టే పిల్ల బొంత యాడ కుట్టాది?"

"నేనే కుడతా అత్తా," అంది గంగరత్న. కానీ కత్తెర తీసుకొని ఆ చీరల దగ్గర కూర్చునేది, పెట్టె మూసి లేచేది. చీరమీద ఒకసారి కత్తెర పడితే మళ్ళీ అది చీర కాదు. తప్పు కుట్టి విప్పదీస్తే ఆ పాత నూలు పోగులు పోగులుగా వచ్చేస్తుంది. వాళ్ళమ్మవి ఇంకో జత చీరలు ఏ అంగడిలోనూ దొరకవు.

"మిషన్ ఉంటే కుట్టు నేరుగా వస్తాదంట," అందొకరోజు, నా వైపు చూడకుండా.

అంతే. నేను కొత్తగా కుట్టు నేర్చేవాళ్ళకు ఎలాంటి మిషను కావాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను. రవికె కుట్టే మిషను వేరు, బొంత కుట్టే మిషను వేరు. బొంత అంటే ఐదారు పొరల గుడ్డ. అన్ని పొరల్లోకీ సూది దిగాలి. గుడ్డను నొక్కిపట్టే పాదం అంత ఎత్తుకు లేవాలి. కుట్టు కాస్త పొడుగ్గా పడాలి. చుట్టచుట్టిన బొంత పట్టేంత జాగా సూదికి కుడివైపున ఉండాలి. చేతి మిషను నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి నేర్చేవాళ్ళకు అదుపులో ఉంటుంది, కానీ ఒక చేయి చక్రానికే పోతుంది. కాలి మిషనుకు రెండు చేతులూ గుడ్డమీద ఉంచొచ్చు, కానీ కాలు మాట వినాలి. ఇవన్నీ మామకు విడమర్చి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అవన్నీ సరేనప్పా. గుణం మంచిదై ఉండాల."

"మిషనుకు గుణమేంటి మామా?"

"నువ్వు ఊరికే ఉండు. నేను చూసి తెస్తా. నచ్చితే పెట్టుకుంటాం, లేదంటే వాపసిచ్చేస్తాం. మాట్లాడి పెట్టినా."

ఆ ఆదివారమే జట్కాలో మొదటి మిషను దిగింది. కాలితో తొక్కేది. నల్లటి తల, దానిమీద బంగారు రంగు పూలు. ఉయ్యాలకూ మిషనుకూ మధ్య ఎంత దూరం ఉండాలో నేను జానలతో కొలుస్తుంటే, మామ దానికి కుంకుమ పెట్టి, "పిల్ల కొత్తది. జాగ్రత్తగా నడుచుకో," అని చెప్పాడు. మిషనుకే.

గంగరత్న కూర్చుంది. తొక్కింది. చక్రం ముందుకు రెండు చుట్లు తిరిగి, ఏదో మరిచిపోయినట్టు ఆగి, గబగబా వెనక్కి తిరిగింది. దారం తెగింది. మళ్ళీ ఎక్కించి తొక్కింది. ఈసారి గుడ్డ కింద పిచ్చుకగూడంత దారపు చిక్కు పడింది. మూడోసారి సూదే విరిగింది.

"రెండు పాదాలకూ ఒకే లయ కుదరడం లేదు నీకు," అన్నాను నేను, ఉన్నమాట చెబుదామని.

"నాకు తెలుసు అబ్బయ్యా," అంది మా అమ్మ నాతో. "బొంతల వాళ్ళను పిలిపిస్తా."

గంగరత్న కళ్ళు చీరల పెట్టె వైపు పోయాయి. అప్పుడు మామ లేచాడు. మిషను చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. చక్రంమీద ఠప్పున ఒకటి వేశాడు.

"యాడ నేర్చినావే ఈ బుద్ధి? ముందుకు పొమ్మంటే వెనక్కి పోతావా? ఆ పిల్ల రెండు కాళ్ళూ అరిగిపోయేటట్టు తొక్కుతాంటే నీకు ఎగతాళిగా ఉండాదా?" తర్వాత మమ్మల్ని చూసి, "మొండిది. మొగము చూస్తేనే అనుకుంటి," అన్నాడు.

ఇనుముతో చేసిన అంత బరువు మిషనును నేనూ మామా కలిసి గోడవైపు తిప్పి నిలబెట్టాం. గోడవైపు తిరిగి తల వంచుకొని నిలబడిన దాన్ని చూస్తే, ఎక్కం అప్పజెప్పలేని పిల్లవాడిలా నిజంగానే తప్పు చేసినదానిలా ఉంది. గంగరత్న కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు వెనక నవ్వుతోంది.

"వారం ఉంచుకుంటాం," అన్నాడు మామ. "దీని దొంగబుద్ధి అంతా బయటపడల్ల. లేకుంటే అంగడి వాడు నమ్మడు. రత్నమ్మా, రోజూ కూసోని తొక్కు. అది ఎన్ని తప్పులు చేస్తాదో చూసిపెట్టు."

ఆ వారమంతా గంగరత్న రోజూ మిషను తప్పులు చూడటానికి తొక్కింది. "ఈ పొద్దు మూడుసార్లే వెనక్కి పోయింది," "ఈ పొద్దు దానికి భయం పట్టుకున్నట్టుండాది, ఒక్కసారే పోయింది," అని నాకు సాయంత్రం వివరంగా చెప్పేది. ఆదివారం మామ వచ్చి, దారి పొడుగునా దాన్ని తిడుతూ జట్కాలో ఎక్కించుకుపోయాడు.

ఆ తర్వాతి ఆదివారం రెండోది వచ్చింది. ఇది చేతి మిషను, చెక్కపీట మీద. బంగారు పూలేమీ లేవు. నుదుటన లక్ష్మీదేవి బొమ్మ అతికించి ఉంది.

"ధర్మవరంది," అన్నాడు మామ గర్వంగా. "మీ పుట్టినూరి మిషన్ తల్లీ. నీ మాట వింటాది."

అది మాట వినలేదు. కుడిచేత్తో చక్రం తిప్పుతూ ఎడమచేత్తో గుడ్డ నడపాలి. గంగరత్న కుడిచేయి బాగానే తిరిగింది, ఎడమచేయి ఎటో పోయింది. కుట్టు నేరుగా మొదలై, మధ్యలో మనసు మార్చుకొని, అంచు దాటి గుడ్డ లేని చోట కూడా కుట్టుకుంటూ పోయింది.

"హిందూపురం పోతానని బయల్దేరి మడకశిర దోవ పట్టిందే!" అంది మా అమ్మ.

"ఇది మెల్లకన్ను మిషనక్కా," అన్నాడు మామ, సూది దగ్గర ముఖం పెట్టి చూస్తూ. "చూడు, నేరుగా పోతాండాననే అనుకుంటాండాది పాపం. దీన్ని కొట్టకూడదు. పుట్టుకతో వచ్చింది."

అందుకని దానికి శిక్ష పడలేదు. కానీ మెల్ల ఎంత ఉందో తెలియాలి కదా. కాబట్టి మళ్ళీ వారం. మెల్లకన్ను మిషనుకు దారి చూపించడానికని గంగరత్న సుద్దముక్కతో గుడ్డమీద గీతలు గీసి, వాటి వెంబడి కుట్టింది. మొదట్లో గీత ఒకచోట, కుట్టు ఒకచోట. పోనుపోను రెండూ పలకరించుకోవడం, ఆ తర్వాత కలిసి నడవడం మొదలైంది. "దాని చూపు కొంచెం బాగుపడినట్టుండాది మామా," అని ఆమె చెబితే, "ఎంత బాగుపడినా మెల్ల మెల్లే," అని మామ దాన్నీ జట్కా ఎక్కించాడు.

మూడోది మళ్ళీ కాలి మిషను. తల ఆకుపచ్చ రంగు. మామ దాని పక్కన పెళ్ళికొడుకు తండ్రిలా నిలబడ్డాడు.

"ఇది బెంగళూరిది. దీని సంగతి నేను చెప్పను. నువ్వే చూడు."

గంగరత్న కూర్చుంది. మా అమ్మ పాపను చంకనేసుకొని గుమ్మంలో నిలబడింది. చక్రం ముందుకు తిరిగింది. ముందుకే తిరిగింది. ఐదు పొరల పాత పంచె మీద సుద్దగీత పొడుగునా కుట్టు, రైలుపట్టా మీద బండి పోయినట్టు, ఈ చివరనుంచి ఆ చివరకు పోయి ఆగింది. మా అమ్మ వచ్చి వేలితో ఆ కుట్టు తడిమి చూసింది.

"బాగుండాది," అంది, ఇష్టం లేని మందు మింగినట్టు.

"చూసినారా?" అన్నాడు మామ. "మంచి గుణమున్న మిషన్ దొరికేదాకా వెతకల్ల గానీ, ఆ పిల్లను అంటే ఏమొస్తాది?"

"ఇది నాకు ముందే తెలిసినదాని మాదిరి ఉండాది మామా," అంది గంగరత్న, ఆకుపచ్చ తలను నిమురుతూ. మామ అప్పుడు ఉన్నట్టుండి దగ్గి, మంచినీళ్ళడిగాడు.

రెండు రోజుల తర్వాత మిషనుకు నూనె, రెండు సూదులు కావాల్సి వచ్చి, స్టేషను దగ్గర సైకిళ్ళూ కుట్టుమిషన్లూ బాగుచేసే ఇమాం అంగడికి వెళ్ళాను.

"తల బాగుండాదా సార్?" అన్నాడు ఇమాం.

"ఏ తల?"

"మిషన్ తల. పచ్చరంగు ఆరకముందే అంజనప్పన్న తొందరపెట్టి ఎత్తకపాయె. చేతికేమీ అంటలేదు గదా?"

నాకు అర్థం కాలేదు. "అది బెంగళూరు మిషను. దానికి ముందువి రెండూ చెత్తవి కానీ ఇది బంగారం," అన్నాను.

ఇమాం చేతిలోని స్పానరు కింద పెట్టాడు. "ముందువి రెండూ ఏవి సార్?"

"ఒక మొండిది. ఒక మెల్లకన్నుది."

అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి, తిరగేసి పెట్టిన సైకిలు చక్రం పట్టుకొని నిలబడ్డాడు.

"ఒకటే సార్! ఉండేది ఒకటే తల. ఫస్టు కాళ్ళు పెట్టిచ్చినా. మీ మామ జట్కాలో నేరుగా ఈడికే తెచ్చి, కాళ్ళు పీకి చెయ్యి పెట్టు, పూలు గీకెయ్, అన్నాడు. సరే అంటి. మళ్ళా వచ్చి చెయ్యి పీకి కాళ్ళు పెట్టు, పచ్చరంగు కొట్టు, అన్నాడు. హిందూపురం లేదు, ధర్మవరం లేదు, బెంగళూరు అంతకంటే లేదు. మీ ఇంటినుంచి ఈడికి, ఈన్నించి మీ ఇంటికి. ఆ మిషన్ జట్కా ఎక్కిందే గానీ రైలు మొగం చూడలా!"

ఇంట్లోనే ఉండి నేనెట్లా కనిపెట్టలేదని మీరడగొచ్చు. నేను చూస్తున్నది సూదిని, చక్రాన్ని, పాప చూపుడువేలిని. తలవైపు చూసే తీరిక నాకెక్కడిది?

"ఇదంతా దేనికి ఇమాం?"

"నేనూ అదే అడిగినా సార్. అన్నా, మిషన్ శుద్ధంగా ఉండాది, ఆయమ్మకు తొక్కేది నేర్పిస్తే పాయె గదా అంటి. ఏమన్నాడో తెలుసునా? 'నేర్పించొచ్చప్పా. నేర్పించాలంటే నీకు రాదని ముందు చెప్పల్ల. ఆ ఇంట్లో ఆ మాట చెప్పేవాళ్ళు జాస్తి మందే ఉండారు. మళ్ళా నేనొకణ్ణి ఏమిటికి?' అన్నాడు."

సూదులు జేబులో వేసుకున్నాను.

"అంటే మామకు తెలుసన్నమాట, తప్పు మిషనుది కాదని?"

"తెలీకుండా ఎట్లుంటాది సార్? ఇంటి ముందర దాన్ని తిట్టినంతసేపూ తిట్టి, ఈడికొచ్చేదాకా జట్కాలో దాని తలమీద చెయ్యేసి, 'మనసులో పెట్టుకోవద్దు తల్లీ, ఇంగ రెండు వారాలు ఓర్చుకో,' అంటా వచ్చేవాడంట. జట్కావాడు చెప్పినాడు. వాడు భయపడి సగం దోవలో దిగేస్తానన్నాడు."

నేను ఇంటికి దాదాపు పరుగెత్తాను. ఈ సంగతి గంగరత్నకు చెప్పాలి. ఇంత మంచి హాస్యం ఒక్కడినే మోయడం కష్టం. పైగా సత్యం చెప్పడం సైన్సు మాస్టరు ధర్మం. గుమ్మంలో అడుగుపెట్టి, "రత్నా, నీకొకటి చెప్పాలి" అని మొదలుపెట్టి ఆగిపోయాను.

చాపమీద వాళ్ళమ్మ చీరలన్నీ పరిచి ఉన్నాయి. గంగరత్న మోకాళ్ళమీద కూర్చొని, అన్నిటికంటే మెత్తటి నేరేడుపండు రంగు చీర అంచుకు కత్తెర ఆనించి ఉంది. చేయి వణకడం లేదు.

"ఏమి?" అంది తలెత్తకుండా. "ఇమాం ఏమన్నాడు?"

అప్పుడు ఆ చేతికి నిజం ఎంత బరువో నాకు తెలిసింది.

"మిషను మంచిదే అన్నాడు," అన్నాను.

"అది నాకు తెలుసు," అంది. కత్తెర కదిలింది.

బొంత పని సాగింది. లోపల మూడు పొరలు పాత పంచెలు, పైనా కిందా వాళ్ళమ్మ చీరల ముక్కలు. చివరి అంచు కుట్టే ఆదివారం మామ రైలు దిగి వచ్చాడు. ఆ రోజు ఆయన మెడ చుట్టూ కొత్త కండువా ఉంది. ధర్మవరంలో ప్రత్యేకంగా చెప్పి నేయించుకున్నది, జానెడు పట్టు అంచుతో. మండీలో అందరికీ చూపించి, రైల్లో చుట్టుపక్కలవాళ్ళకు చూపించి, ఇంట్లో అడుగుపెట్టగానే మా అమ్మకు చూపించాడు. "నెమలికంఠం అంచక్కా. అంకమ్మకు చీర కొన్నప్పుడు కూడా ఇంత వెతకలేదు. దానికి చెప్పొద్దు."

బరువైన బొంత మిషను మీదినుంచి జారిపోతుంటే, "నేను పట్టుకుంటా తల్లీ, నువ్వు కానీ," అని మామ నేలమీద కూర్చొని, బొంత చుట్టను రెండు చేతులా ఎత్తిపట్టుకున్నాడు. చక్రం ముందుకు తిరిగింది. ఒక మూల, రెండో మూల, మూడో మూల. మేమందరం నోరెత్తకుండా చూస్తున్నాం. పాప కూడా. నాలుగో మూలకు వచ్చి గంగరత్న దారం తెంపి, "అయిపాయె!" అని ఒక్క కేక పెట్టి, బొంతను రెండు చేతులా పైకెత్తింది.

బొంతతో పాటు మామ కూడా లేచాడు. మెడ ముందుగా, మనిషి తర్వాత.

కండువా నెమలికంఠం అంచు మూరెడు పొడుగున, వంకర లేకుండా, పొల్లు పోకుండా, చక్కటి కుట్టుతో బొంతలో కలిసిపోయి ఉంది. ఆమె అప్పటిదాకా వేసిన కుట్లన్నిటిలోకీ అదే నేరుగా ఉంది.

విప్పదీయాలంటే నేరేడుపండు రంగు చీర చిరుగుతుంది. గంగరత్న ముఖంలో రక్తం లేదు. "నేను... మామా, నేను చూడలా..." అంది. మా అమ్మ మాట్లాడటానికి నోరు తెరిచింది.

మామ చేయెత్తి ఆపాడు. నడుం వంచి విచారణ మొదలుపెట్టాడు. మిషను వైపు చూశాడు. దాన్ని ఇప్పుడు అనడానికి లేదు, ఎంతో వెతికి తెచ్చిన గుణవంతురాలు. సూది వైపు చూశాడు. దారం వైపు చూశాడు. బొంత వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. గంగరత్న కళ్ళలో నీళ్ళు తొణికాయి. మామ చివరికి తన మెడ చుట్టూ ఉన్న కండువా కొసను రెండు వేళ్ళతో పట్టుకొని ముఖానికి ఎదురుగా ఎత్తాడు.

"నిన్నెవురు రమ్మన్నారు ఈడికి?"

కండువా పలకలేదు.

"పసిపిల్ల బొంతలో నీకేం పని? ఒళ్ళంతా పట్టు, బుద్ధి మాత్రం సున్న. పెద్ద అంచుండాది గదా అని యాడంటే ఆడ దూరేదేనా? మా రత్నమ్మ ఇంత కష్టపడి కుడతాంటే, నేనూ వస్తా, నేనూ వస్తా అని ముందుకు పడతావా?" తర్వాత గంగరత్న వైపు తిరిగాడు. "తల్లీ, కత్తెర తీసుకో. నా మెడకాడికి కత్తిరించు. దూరిందాన్ని ఆడనే ఉండనీ. పాప పెద్దయ్యేదాకా దీనికి విడుదల లేదు."

"కొత్తది మామా..."

"కొత్తదానికే గదా పొగరు. కత్తిరించు!"

గంగరత్న కత్తిరించింది. ఏడుస్తూ కత్తిరించిందో నవ్వుతూ కత్తిరించిందో చెప్పడం కష్టం. రెండూ కలిపి కుట్టినట్టుగా ఉన్నాయి. మా అమ్మ పాపను బొంతమీద పడుకోబెట్టింది. పాప మొదట ఆ మెరిసే పట్టు అంచును పట్టుకొని నోట్లో పెట్టుకుంది. మా అమ్మ మూల కుట్టు ఒకసారి లాగి చూసి, "గట్టిగా కుట్టినావే," అంది కోడలితో. మూడేళ్ళ కాపురంలో ఆమె నోట నేను విన్న మొదటి మెప్పు అది.

సాయంత్రం బండికి మామను ఎక్కించడానికి స్టేషనుకు వెళ్ళాను. కొండమీది గాలి రివ్వున దిగుతోంది. కండువా పోయి ఉత్త బనీనుతో మిగిలిన మామ భుజాలు రెండు చేతులతో చుట్టుకొని నిలబడ్డాడు. పళ్ళు టకటకమంటున్నాయి. నేను నా శాలువా తీసి ఇవ్వబోయాను. ఆయన దాన్ని నా భుజంమీదికే తోసేశాడు.

"మామా, వణుకుతున్నావు."

"నేనా?" అన్నాడు మామ, కాళ్ళ కిందికి కోపంగా చూస్తూ. "నేను యాడ వణుకుతాండా అప్పా? ఈ ప్లాట్‌ఫారం వణుకుతాండాది!"